బొంతకు చరిత్ర లేదా?

మన కళాశాలల్లో కళాచరిత్ర రాజాస్థానంలో మొదలై వర్తకుని గిడ్డంగిలో ముగుస్తుంది. అద్దకపు బట్టను గురించి వ్రాసేవారు బందరు రేవును తలవక మానరు. తలవవలసినదే. ఐతే ఆ బట్ట పాతబడి చిరిగిన తరువాత ఏమయినదని అడిగేవారు అరుదు. మందమర్రి బొగ్గుగని కార్మికుల వాడలో ఉంటూ సాహిత్యం బోధించే నాకు ఏటా చలికాలంలో యీ ప్రశ్న ఎదురవుతూనే ఉన్నది.

ముందు బందరు సంగతి. ‘కలంకారీ’ అన్న పేరు పారశీకం. పని మాత్రం తెలుగువారిది. గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరవేస్తారు. బెల్లపు నీళ్లలో తుప్పు ఇనుమును పులియబెట్టి తీసిన ద్రవంతో నల్లని గీతలు అద్దుతారు. ఎరుపు రావలసిన చోట పటిక అద్ది, పారేనీటిలో ఉతికి, చిరివేరుతో ఉడికించేవారు. పటిక పడినచోటనే ఎరుపు నిలుస్తుంది. ఇది చేతివేళ్లు నేర్చుకొన్న రసాయన శాస్త్రం.

1611లో ఆంగ్లేయులు బందరులో కొఠీ పెట్టారు. ఉతికినా వెలవని ఆ రంగులు ఐరోపాను ఆకర్షించాయి. మన తీరపు అద్దకాలను అక్కడివారు పొరలు చేర్చి కుట్టించి పడకలపై కప్పుకొన్నారు. దానితో అక్కడి ఉన్ని, పట్టు పరిశ్రమలు గగ్గోలు పెట్టాయి. ఫ్రాన్సు 1686లోనూ, ఇంగ్లండు 1700లో ఒకసారి, 1721లో మరొకసారీ నిషేధాలు విధించాయి. తన నూలుబట్ట సిద్ధమైనాక ఇంగ్లండు దానిపై అద్దకానికి 1774లో అనుమతి ఇచ్చుకొన్నది. 1783లో రోలరు అద్దకానికి పేటెంటు వచ్చింది. తరువాత యంత్రపు బట్ట మన రేవుల్లోనే దిగింది. చేతి అద్దకం చితికిపోయినది నైపుణ్యం లోపించి కాదు.

ఇంత చరిత్ర ఆ బట్టకు ఉన్నది, ఎందుకంటే అది అమ్ముడయింది. కొఠీ లెక్కల్లోకి ఎక్కింది. మరి మా వాడలోని బొంత? పాత చీరెలు, ధోవతులు పొరలుగా పరచి, అంచులు మడిచి, చుట్టూ దారం నడుపుతూ మధ్యకు వచ్చేది బొంత. పొరలు పెళుసుబారినచోట మరో ముక్క వేస్తారు. అదీ పొరల కుట్టే. కాని దానికి బేరం లేదు గనుక లెక్క లేదు.

1952 గనుల చట్టం స్త్రీని భూగర్భపు పనికి దూరంగా ఉంచింది. 2019లో గాని ఆ కట్టు సడలలేదు. గనిలో పనిచేసినవానికి హాజరుపట్టీ ఉన్నది. షిఫ్టు ముగించి వచ్చినవాడు పడుకొనే బొంతను కుట్టిన చేతికి ఏ పట్టీ లేదు. ఎం.ఏ. చదివిన రోజుల్లో నేనూ బందరును గురించి పుటలు నింపాను. మా అమ్మ కుట్టిన బొంతపై కూర్చుండి నింపాను. ఆ సంగతి అప్పుడు నాకు తోచనే లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. బొంత లేమికి పుట్టిన బిడ్డ. కొత్త దుప్పటి కొనలేని యింటిని కళానిలయమని పొగడడం మరొక అన్యాయమే అవుతుంది. లేమిని కీర్తించకుండా, ఆ లేమిలోనూ స్త్రీ చూపిన ఎంపికను, రంగుల పొందికను, లెక్కను గుర్తించడమే విమర్శకుని పని.

మొన్న పొరుగింటి వృద్ధురాలిని ఆమె బొంత గురించి అడిగాను. ‘‘గిదేం సదువు బిడ్డా, పాత బట్టలే గద!’’ అని నవ్వింది. తరువాత ఒక్కొక్క ముక్కపై వేలు పెట్టి చెప్పసాగింది: ఇది బిడ్డ లంగా, ఇది భర్త గనికి తొడుక్కుపోయిన ఖాకీ చొక్కా, ఇది తన పెండ్లి చీరె కొంగు. నలుబది యేండ్ల సంసారం తేదీలు లేకుండా ఆ కుట్లలో ఉన్నది. నేను కాగితం తీసి వ్రాసుకోవడం మొదలుపెట్టాను.