కేక్ మీద వెండి మెరుపు: తినొచ్చా? ఎలా తెలుస్తది?

బర్త్‌డే అయినా, బిస్మిల్లా ఫంక్షన్ అయినా ఇప్పుడు నల్లగొండ, మహబూబ్‌నగర్ ఇళ్లల్లో వెండి, బంగారు మెరుపుల కేక్ మామూలైపోయింది. ఆ మెరుపును ముందుగా నోట్లో పెట్టుకునేది పిల్లలే. అందుకే ఆర్డర్ ఇచ్చే ముందు ఈ విషయాలు తెలుసుకోవాలి.

ఏవేవి దొరుకుతాయి?

చాందీ వరఖ్: షీర్ ఖుర్మా, ఖుబానీ కా మీఠా మీద వేసే వెండి రేకు. హైదరాబాద్ చార్మినార్ పక్క గల్లీలలో దీన్ని సుత్తెలతో కొట్టి తయారుచేసే కారీగర్లు తరతరాలుగా ఉన్నారు. తినే వరఖ్‌లో వెండి 99.9 శాతం ఉండాలి.

వెండి గోళీలు: చక్కెర ఉండల మీద మెరుపు పూత. గట్టిగా ఉంటాయి, చిన్నపిల్లల గొంతులో ఇరుక్కునే ప్రమాదం ఉంది.

మెరుపు పొడి (లస్టర్ డస్ట్, గ్లిట్టర్): అసలు జాగ్రత్త పడాల్సింది దీనితోనే.

ఎందుకు ప్రమాదం?

ఈ పొడుల్లో కొన్ని తినడానికి, కొన్ని కేవలం అలంకరణకు. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. డబ్బా మీద ‘నాన్ టాక్సిక్’ అని ఉంటే తినొచ్చని అర్థం కాదు. ‘ఎడిబుల్’ అని ఉండాలి, కింద పదార్థాల లిస్టు కూడా ఉండాలి.

2018లో అమెరికాలోని రోడ్ ఐలాండ్‌లో బర్త్‌డే కేక్ తిన్న ఆరుగురు పిల్లలకు వాంతులు, విరేచనాలు అయ్యాయి. వాళ్ల వయసు 1 నుంచి 11 ఏళ్లు. కేక్ మీద వేసిన ‘రోజ్ గోల్డ్’ పొడి నిజానికి సన్నని రాగి పొడి అని తేలింది. మరుసటి ఏడాది మిస్సోరిలో ఏడాది వయసున్న పిల్లకు కేక్ పొడిలోని సీసం వల్ల రక్తంలో సీసం పెరిగింది.

హలాల్ సంగతి

వరఖ్ కొట్టేటప్పుడు వెండిని పొరల మధ్య పెడతారు. పాత పద్ధతిలో ఆ పొరలు పశువుల పేగు, తోలుతో ఉండేవి. తయారీలో జంతు పదార్థం ఏదీ వాడకూడదని ఫుడ్ సేఫ్టీ అథారిటీ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) 2016లో నోటిఫికేషన్ ఇచ్చింది. గోళీలు, స్ప్రింకిల్స్‌లో జెలటిన్, పురుగుల నుంచి తీసే ఎర్ర రంగు (120), లక్క పూత (904) ఉండొచ్చు. లేబుల్ చదవండి. అనుమానం ఉంటే మీ మసీదు ఇమామ్ సాబ్‌ను అడగండి.

కొనేటప్పుడు చూడాల్సినవి

- 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్ నంబర్, పదార్థాల లిస్టు, ఎక్స్‌పైరీ తేదీ. వెండికి 174, బంగారానికి 175 అని కోడ్ ఉంటది.
- చిన్న కవర్లో విడిగా పోసిన పొడి తీసుకోవద్దు.
- బేకరీ అన్నను ‘భాయ్, పొడి డబ్బా ఒక్కసారి చూపించండి’ అని అడగండి. చూపించకపోతే మెరుపు లేకుండానే చేయించుకోండి.
- క్రాఫ్ట్ షాపు గ్లిట్టర్ కేక్ దగ్గరకు రానివ్వొద్దు.

వరఖ్ అసలుదా?

వేళ్ల మధ్య నలపండి. అసలు వరఖ్ పొడిలా అయి చర్మానికి అంటుకుంటది. అల్యూమినియం రేకు అయితే చిన్న ఉండలా చుట్టుకుంటది.

పిల్లలకు బాగోలేకపోతే

కేక్ తిన్నాక వాంతులు మొదలైతే ఇంట్లో వైద్యం చేస్తూ కూర్చోవద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, అవసరమైతే 108కి ఫోన్ చేయండి. మిగిలిన కేక్ ముక్క, దొరికితే పొడి డబ్బా డాక్టర్‌కు చూపించండి. ఫిర్యాదుకు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ టోల్‌ఫ్రీ నంబర్ 1800112100. బేకరీ బిల్లు దాచిపెట్టుకోండి, ఫిర్యాదుకు అది పనికొస్తది.