మట్టికుండ నుంచి స్వయంజల కుండీ వరకు: వేరుకు నీరందించే పాత్రల చరిత్ర

వ్యాససంగ్రహం:
అడుగున నీటి అర, పైన మట్టి, మధ్యలో నీటిని పైకి పీల్చే వత్తి లేదా మట్టిస్తంభం గల కుండీలను నేడు మిద్దెతోటల్లో విరివిగా వాడుతున్నారు. వీటిని ఆధునిక సౌకర్యంగా భావించడం పరిపాటి. పాత్రలో నీరు నిలిపి, మొక్క అవసరాన్ని బట్టి వేరుకు అందించే ఆలోచనకు రెండువేల సంవత్సరాల లిఖిత చరిత్ర ఉంది. ఆ చరిత్రలోని ప్రధాన ఘట్టాలను పరిశీలించి, నీరు, ఎరువు, శ్రమల మధ్య సంబంధం ఎలా మారుతూ వచ్చిందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: మట్టికుండ, పాదు సేద్యం, కేశనాళికీయత, సేంద్రియ ఎరువు, మిద్దెతోట.

1. ఉపోద్ఘాతం:
నీటిపారుదల చరిత్ర అనగానే చెరువులు, కాలువలు, ఆనకట్టలు స్ఫురిస్తాయి. వాటిని నిర్మించిన రాజుల శాసనాలు ఉన్నాయి, ప్రభుత్వాల లెక్కలు ఉన్నాయి. పాదు పక్కన పాతిన కుండకు శాసనం వేయించినవారు లేరు. అందువల్ల చిన్న కమతపు నీటి యాజమాన్యం చరిత్ర రచనలో వెనుకబడింది. ఈ లోటు రెండు రకాల అపోహలకు దారితీసింది. స్వయంజల కుండీ పూర్తిగా పాశ్చాత్య ఆవిష్కరణ అనేది ఒకటి. ప్రాచీనుల వద్ద ఇదంతా యథాతథంగా ఉండేదనేది మరొకటి. ఆధారాలను క్రమంగా పరిశీలిస్తే ఈ రెండూ నిలబడవు.

2. ఫాన్ షెంగ్‌ఝి గ్రంథంలో కుండ:
ఈ పద్ధతిని కొలతలతో సహా వివరించిన ప్రాచీన రచన చైనాకు చెందిన ఫాన్ షెంగ్‌ఝి వ్యవసాయ గ్రంథం. అతడు హాన్ వంశపు చెంగ్ చక్రవర్తి కాలంలో (క్రీ.పూ. 33–7) రాజధాని చాంగాన్ పరిసరాల్లో సాగు పద్ధతులు నేర్పిన అధికారి. మూలగ్రంథం లుప్తమైంది. క్రీ.శ. 6వ శతాబ్దంలో జియా సిషియె కూర్చిన ‘చిమిన్ యావోషు’లో ఉదాహరించిన భాగాల ద్వారా అది మనకు దక్కింది. 1950లలో షి షెంగ్‌హాన్ ఆ భాగాలను పరిష్కరించి, ఆంగ్లంలో పరిచయం చేశాడు.

దోసజాతి తీగల సాగు గురించి ఆ గ్రంథం చెప్పిన పద్ధతి ఇది. ఒక ‘ము’ నేలలో 24 పాదులు చేయాలి. ఒక్కొక్క పాదు 3 చైనా అడుగుల వెడల్పు, 5 అంగుళాల లోతు ఉండాలి. పాదుకు ఒక ‘షి’ పెంట ఎరువును సమానమైన మట్టితో కలపాలి. 3 ‘దౌ’ల నీరు పట్టే మట్టికుండను, మూతి నేలకు సమంగా ఉండేటట్లు పాదు మధ్యలో పాతాలి. కుండ నిండా నీరు పోసి, నాలుగు వైపులా ఒక్కొక్క గింజ నాటి, మూతిని పెంకుతో కప్పాలి. నీరు తగ్గినప్పుడల్లా నింపాలి. గింజల వెలుపల కుండ చుట్టూ పది ఉల్లిజాతి మొక్కలు నాటుకోవచ్చు. ఐదవ నెలలో కాయలు పక్వానికి వచ్చే వేళకు వాటిని పెరికి అమ్మవచ్చు. తీగల నడుమ చిన్న చిక్కుడు జాతి గింజలు చల్లి ఆకును అమ్ముకోవచ్చు.

ఈ అంకెలను కలిపి చూస్తే పద్ధతిలోని తర్కం తెలుస్తుంది. హాన్ కాలపు ‘దౌ’ సుమారు 2 లీటర్లు. కాబట్టి ఒక్కొక్క కుండలో 6 లీటర్లు, 24 కుండల్లో 144 లీటర్లు పడతాయి. ఆ నీటిపై 96 తీగలు, 240 ఉల్లిజాతి మొక్కలు ఆధారపడతాయి. ఆ గ్రంథమే మరోచోట ఒక ‘ము’ను 180 అడుగుల పొడవు, 48 అడుగుల వెడల్పుగా లెక్కించింది. పాదులను గుండ్రటివిగా తీసుకుంటే 24 పాదులూ కలిసి ఆ నేలలో సుమారు 2 శాతం మాత్రమే ఆక్రమిస్తాయి. అంటే నీటిని, ఎరువును పొలమంతటా పరచకుండా వేరు ఉన్నచోటనే కేంద్రీకరించడం ఇందులోని మూలసూత్రం.

3. కుండ గోడ చేసే పని:
తెలుగు ఇళ్లలో వేసవి నీటికుండ చల్లదనానికి కారణమైన గుణమే ఇక్కడా పనిచేస్తుంది. మెరుగుపూత లేని కుండ చెమర్చుతుంది. గాలిలో ఉన్న కుండ నుంచి ఆ చెమ్మ ఆవిరై లోపలి నీటిని చల్లబరుస్తుంది. నేలలో పాతిన కుండ నుంచి అది మట్టిలోకి చేరుతుంది. చుట్టూ ఉన్న మట్టి పొడిగా ఉంటే నీటిని ఎక్కువగా లాగుతుంది, తడిగా ఉంటే ఊట మందగిస్తుంది. నీటి పరిమాణాన్ని నిర్ణయించేది మట్టిలోని ఈ ఆకర్షణే. వైశాఖంలో శివలింగంపై వేలాడదీసే ధారాపాత్రకు, దీనికి తేడా ఉంది. ధారాపాత్ర రంధ్రం నుంచి నీరు కింద తడి ఉన్నా లేకున్నా పడుతూనే ఉంటుంది. పాతిన కుండ గోడ నేల స్థితికి స్పందిస్తుంది. కుమ్మరి ఆవంలో కాలిన తీరును బట్టి ఈ గుణం మారుతుంది కాబట్టి, ఈ పద్ధతి జయాపజయాలు రైతుతో పాటు కుమ్మరి నైపుణ్యంపై కూడా ఆధారపడ్డాయి.

4. ప్రయోగశాల నుంచి కర్నాల్ వరకు:
1908లో అమెరికన్ వృక్షశాస్త్రవేత్త బర్టన్ లివింగ్‌స్టన్ సూక్ష్మరంధ్రాలు గల మట్టిగిన్నెలను మట్టిలో ఉంచి, ప్రయోగపు మొక్కలకు తేమను నియంత్రించే విధానాన్ని ప్రకటించాడు. తరువాతి దశకాల్లో ఇటువంటి గిన్నెనే ఆధారం చేసుకొని నేలలోని నీటి ఆకర్షణను కొలిచే టెన్సియోమీటర్ రూపొందింది. రైతుకు నీరందించే సాధనంగా ఉన్న కుండ గోడ శాస్త్రవేత్తకు కొలమానమైంది.

భారతదేశంలో 1970లలో కర్నాల్‌లోని కేంద్ర చవుడు నేలల పరిశోధన సంస్థలో ఆర్.సి. మండల్ కుండ సేద్యంపై ప్రయోగాలు చేసి, 1974లో ఫలితాలను ప్రకటించాడు. నీటి ఎద్దడితో పాటు ఉప్పునీటి సమస్య కూడా ఈ పరిశోధనలకు నేపథ్యం. 2001లో డేవిడ్ బెయిన్‌బ్రిడ్జ్ పాతిన మట్టికుండ సేద్యాన్ని తక్కువగా తెలిసిన, అత్యంత సమర్థమైన సంప్రదాయ పద్ధతిగా సమీక్షించాడు. రెండువేల ఏళ్ల నాటి లిఖిత ఆధారం ఉన్న పద్ధతి ‘తక్కువగా తెలిసినది’గా మిగలడం గమనార్హం.

5. ప్లాస్టిక్ కుండీలో మారినదేమిటి?
1990లలో ఫ్లోరిడాకు చెందిన టమాటా రైతు బ్లేక్ విసెనాంట్ రూపొందించిన ‘ఎర్త్‌బాక్స్’ అడుగు నీటి అర గల పెట్టెలకు ప్రాచుర్యం తెచ్చింది. ఇందులో పాత్ర గోడ నీటిని వదలదు. అరలోకి దిగిన మట్టి ద్వారా నీరు కేశనాళికీయత వల్ల పైకి ఎక్కుతుంది. ఎక్కువైన నీరు పక్క రంధ్రం నుంచి బయటకు పోతుంది. పూర్వం కుండ చుట్టూ మొక్క పెరిగితే, ఇప్పుడు పాత్రలోనే మొక్క పెరుగుతోంది.

ఈ మార్పు సేంద్రియ సాగుకు కొత్త ప్రశ్నలను తెచ్చింది. నీరు నిరంతరం పైకి మాత్రమే కదలడం వల్ల, ఆవిరయ్యేచోట లవణాలు పేరుకుంటాయి. మెత్తటి కంపోస్టు ఎక్కువైతే మిశ్రమం అణగారి, వేళ్లకు, సూక్ష్మజీవులకు గాలి తగ్గుతుంది. పైన ఎరువును పట్టీలా పోసి ప్లాస్టిక్ కప్పే ఎర్త్‌బాక్స్ పద్ధతి రసాయన ఎరువుకు సులభంగా సరిపోయింది. సేంద్రియ సాగులో కొబ్బరిపీచు వంటి గుల్లపదార్థాలు కలపడం, అప్పుడప్పుడు పైనుంచి నీరు పోసి లవణాలను కడగడం అవసరమవుతాయి. స్వయంజల కుండీ దానంతట అది సేంద్రియ కుండీ కాదు. ఫాన్ షెంగ్‌ఝి వర్ణించిన పాదులో ఎరువు, మట్టి సమపాళ్లలో ఉన్నా, దాని కింద విశాలమైన నేల ఉంది. పెట్టెకు ఆ నేల లేదు.

6. నీటిని మోసినవారు:
ఫాన్ షెంగ్‌ఝి గ్రంథం పాదు సేద్యానికి ఒక పురాణమూలం చెబుతుంది. టాంగ్ రాజు కాలపు అనావృష్టిలో మంత్రి యి యిన్ ఈ పద్ధతిని కల్పించి, ఎరువు వేయడం, నీరు మోసుకొచ్చి పైరుకు పోయడం ప్రజలకు నేర్పాడట. ఇది చరిత్ర కాకపోవచ్చు గానీ, శ్రమ ఎక్కడ ఉందో స్పష్టం చేస్తుంది. ఎరువు బలం ఉంటే మంచి నేలే అక్కరలేదని, కొండవాలులు, ఊళ్ల దగ్గరి మిట్టలు కూడా పాదులకు పనికివస్తాయని ఆ గ్రంథం చెబుతుంది. కుండతో చేసే దోస సాగుకు మాత్రం సమతల నేల తగినదని ప్రత్యేకంగా సూచిస్తుంది. ఈ సూచనలు భూమి తక్కువై, చేతిశ్రమే పెట్టుబడిగా ఉన్న కుటుంబానికి ఉపయోగపడేవి.

కుండ నీటిని ఆదా చేసింది, ప్రతిదినం పోయవలసిన అగత్యాన్ని తగ్గించింది. కుండ నింపే పనిని తప్పించలేదు. నేటి మిద్దెతోటలో ఆ పనిని మోటారు, గొట్టం చేస్తున్నందువల్లనే కుండీ ‘స్వయం’గా నీరందుకుంటున్నట్లు కనిపిస్తుంది.

7. ముగింపు:
వేరుకు నీరందించే పాత్ర చరిత్ర ఒకే ఆవిష్కరణ కథ కాదు. సూత్రం కొనసాగింది. పాత్ర పదార్థం, ఎరువు స్వభావం, శ్రమ చేసే చేతులు మారాయి. కాబట్టి ఈ సాధనాన్ని అంచనా వేసేటప్పుడు ఎంత నీరు మిగిలిందనే లెక్క ఒక్కటే చాలదు. ఎరువు ఎక్కడి నుంచి వచ్చింది, పాత్రను ఎవరు చేశారు, దానిని ఎవరు నింపుతున్నారు అన్న ప్రశ్నలు కూడా వేయాలి. తెలుగు నేల మెట్ట ప్రాంతాల్లో కుమ్మరుల, తోటసాగుదారుల, నీరు మోసిన స్త్రీల అనుభవ జ్ఞానాన్ని మౌఖిక చరిత్రగా సేకరిస్తే, చెరువులు, కాలువల చరిత్ర పక్కన కుండ చరిత్రకూ తగిన చోటు దక్కుతుంది.