చక్రం ఆట: ఇరుసు నుండి టై రాడ్ దాకా



నేను యంత్రశాస్త్రం ఎరిగినవాడిని కాను. భాషాప్రవీణ చదివి, ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకున్నవాడిని. అయినా ఈమారు కారు ముందు చక్రాన్ని గురించి వ్రాయవలసి వచ్చింది. కారణం విన్న పిదప మీరే మన్నిస్తారని నమ్మకం.

మాది పులికాట్ సరస్సు ఒడ్డు. మా పెద్దలు దీనిని ప్రళయకావేరి అనేవారు. సూళ్ళూరుపేట నుండి శ్రీహరికోటకు పోయే రోడ్డు ఈ సరస్సు మీదుగానే సాగుతుంది. రెండేళ్ళ క్రిందట శీతకాలంలో, మనుమలకు ఫ్లెమింగో పక్షులను చూపిద్దామని మా పాత మారుతి 800లో ఆ త్రోవన బయలుదేరాను. గుంత తగిలినప్పుడల్లా ముందువైపున ‘టక్’మని చప్పుడు. స్టీరింగులో వణుకు. బండి తనంతట తానే ప్రక్కకు లాగుతోంది. రోడ్డుకు ఇరువైపులా నీళ్ళు, వెనుక సీట్లో పిల్లలు. నా అరచేతులు చెమటలు పట్టాయి.

అంతకుముందే ఒక వర్క్‌షాపులో రెండుమార్లు అలైన్‌మెంట్ చేయించి, అరిగిన టైరు కూడా మార్పించాను. జబ్బు మాత్రం పోలేదు. మెల్లగా సూళ్ళూరుపేటకు మళ్ళించి, ఒక వయసు మళ్ళిన మెకానిక్కుకు చూపించాను. ఆయన జాకీ ఎత్తి, భద్రత కోసం స్టాండు కూడా పెట్టి, రెండు చేతులతో చక్రాన్ని ఊపి, ఐదు నిమిషాలలో తేల్చేశారు. ఆయన చేతులు చేసిన పరీక్షలో రెండువందల ఏళ్ళ చరిత్ర ఇమిడి ఉన్నదని తరువాత చదివితే గాని నాకు బోధపడలేదు.

మన ఎద్దులబండి సంగతి చూడండి. దానికి తిప్పే యంత్రమంటూ లేదు, తిప్పేవి ఎద్దులే. ఇరుసుకూ చక్రానికీ నడుమ కొంత సందు ఉండితీరాలి. ఆ సందులో కందెన ఉంటేనే బండి నడుస్తుంది. కరణాలను మంచి చేసుకోవాలని చెప్పడానికి సుమతీ శతకకర్త ఈ కందెననే ఉపమానంగా తెచ్చుకున్నాడు. చక్రం ఊడిపోకుండా ఇరుసు కొనన కడసీల. అంటే ఎద్దులబండిలో చక్రం కొంచెం ఆడటం దోషం కాదు, అవసరం.

నాలుగు చక్రాల గుర్రపుబండితో చిక్కు మొదలైంది. ముందు ఇరుసు మొత్తం నడిమి చీల మీద తిరిగేది. బాగా మలుపు తిప్పితే బండికి ఆనిక తగ్గి బోల్తాపడేది. మ్యూనిక్ నగరంలో బండ్లు చేసే గెయార్గ్ లాంకెన్‌స్పెర్గర్ దీనికి ఉపాయం కనిపెట్టాడు. ఇరుసును కదలనీయక, దాని రెండు కొనల వద్ద చక్రాలను వేరువేరు చీలల మీద తిప్పి, రెండింటినీ ఒక కడ్డీతో కలిపాడు. లండనులో అతని ప్రతినిధి రుడాల్ఫ్ అకెర్మన్ 1818లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. పేరు ప్రతినిధికే మిగిలింది. నేటికీ దీనిని అకెర్మన్ స్టీరింగు అనే అంటారు. కవి ఒకడు, కృతికర్తగా ప్రసిద్ధి ఇంకొకడికి. మన సాహిత్యంలో లేని ముచ్చటా ఇది!

కారు పుట్టినప్పుడు ఈ చిక్కు మళ్ళీ ఎదురైంది. 1886 నాటి కార్ల్ బెంజ్ తొలి కారుకు మూడే చక్రాలు. రెండు ముందు చక్రాలను తిప్పే పద్ధతికి ఆయన 1893లో గాని పేటెంటు పొందలేదు. 1898లో, బండ్ల తయారీదారే అయిన హెన్రీ టిమ్‌కెన్, ప్రక్కపోటును కూడా తట్టుకొనే కోసురూపపు రోలర్ బేరింగుకు పేటెంటు సంపాదించాడు. చక్రం తిరిగే చీలకు కింగ్ పిన్ అని పేరు. తరువాతి కార్లలో దాని స్థానాన్ని బాల్ జాయింటు ఆక్రమించింది.

ఇక్కడొక విషయం గమనించాలి. చక్రాలకు తిరిగే స్వేచ్ఛ ఇవ్వడానికి ఎక్కడెక్కడ ఒక కీలు చేర్చారో, అక్కడక్కడ అరుగుదల చేరింది. బండిలో అవసరమైన ఆటే కారులో ప్రాణాంతకమైంది.

మెకానిక్కు పరీక్ష ఈ కీళ్ళనే ఒక్కొక్కటిగా ప్రశ్నిస్తుంది. మొదట చక్రాన్ని గడియారంలో 12, 6 అంకెల చోట పట్టుకొని ఊపాలి. ఆడితే, మరొకరిని బ్రేకు తొక్కమనాలి. ఆట మాయమైతే దోషం బేరింగుది. మాయం కాకపోతే కింగ్ పిన్‌ది, లేదా బాల్ జాయింటుది. బాల్ జాయింటు అనుమానం తీరడానికి టైరు క్రింద గడ్డపార పెట్టి పైకి లేపి చూస్తారు. పిదప 9, 3 అంకెల చోట పట్టి ఊపాలి. ఈ దిశలో మాత్రమే ఆడితే, ఆ కలిపే కడ్డీ, అంటే టై రాడ్ కొన వదులైందని, లేదా స్టీరింగు ర్యాకులో లోపమని అర్థం. ఒకరు ఊపుతుండగా మరొకరు కీలు మీద వ్రేలు పెడితే, తెలిసిపోతుంది.

మా కారు 12, 6 వద్ద కదలలేదు. 9, 3 వద్ద ‘టక్’మంది. టై రాడ్ కొనకున్న రబ్బరు తొడుగు చినిగి, లోపలి గ్రీజు తుప్పుతో కలిసి బురదయింది. “మన ఉప్పుగాలికి ఇనుము నిలవదు సార్. తొడుగు చినిగిన రోజే కీలు ఆయుష్షు సగమైంది” అన్నారాయన. కీలు వదులుగా ఉండగా చేసిన అలైన్‌మెంటు ఇసుకలో గీసిన గీత వంటిదేనట! ముందు కొన మార్చారు, తరువాతే అలైన్‌మెంటు. చప్పుడు పోయింది.

మా సరస్సుకు పడమటనున్న శ్రీసిటీలో 2016లో ఇసుజు కర్మాగారం మొదలైంది. అక్కడినుండి వచ్చే వాహనంలోనూ ముందు చక్రాలను కలిపేది మ్యూనిక్ బండివాని ఊహే. ఊహ పాతదే. అరిగే కీలు మాత్రం మన బండిది. చప్పుడు వినిపిస్తే, టైరు మార్చే ముందు ఒక్కసారి ఆ చక్రాన్ని ఊపి చూడండి. మరుసటి వారమే మనుమలకు పక్షులను చూపించాను.

స్వస్తి.