పరిశోధన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు

పరిశోధన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు అనగా శాస్త్రజ్ఞులతో కలిసి పనిచేస్తూ, పరిశోధనకు అవసరమైన సాఫ్ట్‌వేరును రూపొందించి నిర్వహించే ఉద్యోగి. జీవశాస్త్ర ప్రయోగశాలలలో డీఎన్ఏ వరుసల విశ్లేషణ, సూక్ష్మదర్శిని చిత్రాల పరిశీలన వంటి పనులకు వీరిని నియమిస్తారు.

చరిత్ర

ఈ పేరు రాకమునుపే ఈ పని ఉండేది. 2000లో శాంతాక్రజ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జిమ్ కెంట్ అనే పరిశోధక విద్యార్థి మానవ జీనోము ముక్కలను కూర్చే ప్రోగ్రామును సుమారు నాలుగు వారాలలో వ్రాశాడు. అంతకుమునుపు అతడు యానిమేషన్ సాఫ్ట్‌వేరు వ్రాసేవాడు. ఉద్యోగనామం మాత్రం 2012లో ఆక్స్‌ఫర్డులో జరిగిన ఒక కార్యశాలలో పుట్టింది.

నియామకం

జీతం తరచుగా పరిశోధన గ్రాంటు నుండి వస్తుంది కనుక, గ్రాంటుతో పాటే ఉద్యోగమూ ముగియవచ్చు. ఆపై ప్రోగ్రామును సరిదిద్దేవారు లేకపోతే, దానిపై ఆధారపడిన ఫలితాలను మరల సరిచూడడం కష్టమవుతుంది. అందువలన కొన్ని విశ్వవిద్యాలయాలు ఇంజనీర్లను ఒక కేంద్ర బృందంలో నియమించి, వివిధ ప్రయోగశాలలకు కొంతకాలం చొప్పున కేటాయిస్తున్నాయి.