ఎద్దు కీళ్లు, మనిషి వెన్నెముక: ఫ్లోరోసిస్ తొలి నమోదులు

మన దేశంలో ఫ్లోరోసిస్ చరిత్రను 1937 నుంచి చెప్పడం పరిపాటి. ఆ ఏట షార్ట్, పండిట్, రాఘవాచారి నెల్లూరు జిల్లా రోగుల వివరాలను ఇండియన్ మెడికల్ గెజెట్‌లో ప్రకటించారు. (నాటి నెల్లూరు నేటిది కాదు, దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు 1970లో ఒంగోలు జిల్లాలో చేరాయి.) వెన్నెముక కర్రలా బిగుసుకుపోయి, మెడ తిప్పలేక, నడుము వంచలేక బాధపడే ఆ మనుషుల వ్యాధికి మూలం తాగునీటిలోని ఫ్లోరైడ్ అని ఆ వ్యాసం నిరూపించింది.

అయితే ఈ వ్యాధి అంతకు ముందే పశువైద్యుల కాగితాలకెక్కింది. నిజాం రాష్ట్రంలో మహాజన్ 1934లోను, మద్రాసు రాజధానిలో విశ్వనాథన్ 1935లోను పశువులలో దీనిని నమోదు చేశారు. ఈ వరుస కేవలం యాదృచ్ఛికమని నేననుకోను. పళ్లు గారపట్టి, కీళ్లు పట్టేసి, అడుగు వేయలేని ఎద్దు కాడికి పనికిరాదు. ఆ నష్టం ఆ కారులోనే రైతు లెక్కకు వస్తుంది. మనిషి నడుము పట్టేస్తే దానిని వాతమనో, వయసనో సరిపెట్టుకోవచ్చు. ఎద్దూ, దానిని తోలిన మనిషీ తాగింది ఒకే నేలలో ఊరిన నీరు. వారి రోగచరిత్రలు మాత్రం రెండు శాఖల నివేదికలలో విడివిడిగా మిగిలాయి. 1937ను ఆరంభంగా తీసుకునే చరిత్రలో ఎద్దుకు చోటు లేదు; దాని కుంటును ముందుగా కనిపెట్టి ఉండవలసిన రైతుకూ లేదు.