బట్టల కొట్టునుండి డోర్నకల్ దాక

లండను మహానగరమున సెయింట్ పాల్ దేవాలయమునకు చేరువను హిచ్‌కాక్ అండ్ రోజర్స్ అను పెద్ద బట్టల దుకాణ మొకటి యుండెను. తానులు విప్పుటయు, గజముబద్దతో కొలుచుటయు, బేరమాడి కొనకయే వెడలిపోయిన దొరసానుల వెనుక విప్పినదంతయు మరల మడతపెట్టుటయు నచ్చటి కుఱ్ఱ గుమాస్తాల దినచర్య. ఆ కాలమున లండను బట్టల కొట్లలో దినమునకు 14 గంటల చాకిరి వింత గాదు. నివాసము కూడ కొట్టు మేడమీది యిరుకు గదులలోనే. రాత్రి వీధిలోనికి వచ్చినచో వారిని రమ్మని పిలుచునవి సారాయి దుకాణములే.

సోమర్సెట్ ప్రాంతపు రైతుబిడ్డ జార్జి విలియమ్స్ (జననము 1821) బ్రిడ్జ్‌వాటరు పట్టణమున బట్టల వ్యాపారము నేర్చి, 1841లో ఈ కొట్టున కుదిరెను. తోడి గుమాస్తాలను ఒక్కరొక్కరినే తన గదికి పిలిచి ప్రార్థన సాగించుచు, 1844 జూన్ 6వ తేదీ సాయంకాలమున మరి 11 మందితో కూడి, నేడు వై.యం.సి.ఏ. అని లోకమెల్ల నెరిగిన క్రైస్తవ యువజన సంఘమును ఆ మేడగదిలోనే స్థాపించెను. వారు వ్రాసికొనిన ధ్యేయము చిన్నది: బట్టల వ్యాపారమునందును తక్కిన వృత్తులయందును ఉన్న యువకుల ఆధ్యాత్మిక స్థితిని మెరుగుపరచుట. లోకోద్ధరణమని గాని, దేశాభ్యుదయమని గాని అందులో ఒక్క మాటయైన లేదు. మన యూళ్లలో పది మంది కుఱ్ఱవాండ్రు చేరి సంఘము పెట్టిన మరునాడే అచ్చొత్తించు నియమావళిలోని మొదటి పుట చదివినవారికి ఈ పొదుపు ఎంత అరుదైనదో తెలియును. తమ పక్కన పడుకొనువాని పేరు తెలిసి, వాని దౌర్బల్యము తెలిసి, వానికొఱకే వ్రాసికొనిన ధ్యేయమది. కావుననే అది కాగితముమీద నిలిచిపోలేదు.

పది యేండ్లు గడచునప్పటికి ఇట్టి సంఘములు ఐరోపా అమెరికాలలో పెక్కుచోట్ల వెలసెను. వీనినెల్ల ఒక్క త్రాటిపై తేవలెనను పట్టుదల జెనీవా యువకుడు హెన్రీ డ్యూనాన్‌ది. తరువాతి కాలమున రెడ్‌క్రాసుకు మూలపురుషుడై, 1901లో తొలి నోబెల్ శాంతి బహుమానమున పాలుపొందినవా డితడే. 1855 ఆగస్టులో, ఘనమైన ప్రదర్శనమున కళకళలాడుచున్న పారిస్ నగరమున 99 మంది ప్రతినిధులు సమావేశమైరి. యేసుక్రీస్తును దేవునిగాను రక్షకునిగాను ఎంచి, విశ్వాసమునందును నడవడియందును ఆయన శిష్యులు కాగోరు యువకులను ఏకము చేయుటయు, యువజనులలో ఆయన రాజ్యమును వ్యాపింపజేయుటకై వారి యత్నములను జోడించుటయు తమ పనియని వారు తీర్మానించిరి. వారి వివేకము, వ్రాసిన దానికంటె వ్రాయక విడిచిన దానియందే నాకు ఎక్కువగా గోచరించును. బాప్తిస్మపు విధానము, సంఘపాలన మొదలగు వానిపై పెద్దలు తరతరములుగా వాదులాడుచుండగా, ఇతర విషయములలో భేదములు ఎంత ముఖ్యమైనవైనను తమ సౌహార్దమునకు అడ్డురాకూడదని ఆ కుఱ్ఱవాండ్రు ఒక్క మాటతో కట్టు వేసిరి.

తరువాత సంఘము వసతిగృహములనియు, వ్యాయామశాలలనియు విస్తరిల్లెను. బాస్కెట్‌బాల్ ఆట 1891లో స్ప్రింగ్‌ఫీల్డులోని వీరి శిక్షణాలయముననే పుట్టెను. బంతి మిగిలి బైబిలు మరుగైన చోట్లును లేకపోలేదు.

తెలుగువారి కథ ఇందు కలియుట 1895 నుండి వై.యం.సి.ఏ. కార్యదర్శిగా పనిచేసిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య వలన. తిరునెల్వేలి సీమలో 1874లో జన్మించిన ఈ తమిళుడు, 1902లో సింహళమునందలి జాఫ్నాకు పోయి, అచ్చటి తమిళ క్రైస్తవులు తమ సొమ్ముతోనే సువార్తసేవ నడుపుట చూచి, తన వారికి ఆ ఊహయే కలుగనందుకు సిగ్గుపడెను. మరుసటి యేడు ఫిబ్రవరిలో, భారతీయుల ధనముతో, భారతీయుల చేతులమీదుగా నడచునట్లు ఒక మిషనరీ సంఘము తిరునెల్వేలిలో వెలసెను. ఆ సంఘము ఎంచుకొనిన సేవాక్షేత్రము నిజాము రాజ్యమునందలి డోర్నకల్. ఇతరులను పంపుచు తాను నిలిచిపోవుట తగదని తోచి, 1909లో కార్యదర్శి పదవి విడిచి, తెలుగు నేర్చి, అజరయ్య తానే అచ్చటికి వచ్చెను. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకము పొంది, ఆంగ్లికన్ సంఘమున తొలి భారతీయ బిషప్పయ్యెను.

ఆయన అధ్యక్షతలో క్రైస్తవ సంఘమున చేరినవారిలో పెక్కుమంది మాల మాదిగ పల్లెలవారు. బాప్తిస్మము పొందు ప్రతివానిచేతను నెత్తిపై చేయి పెట్టించి, తాను బాప్తిస్మము పొందిన క్రైస్తవుడననియు, సువార్త చెప్పకున్న తనకు అనర్థమనియు ఆయన పలికించెడివాడు. కూలిచేతితో తన తలనే తాకి, తన నోటితో తానే చెప్పుకొనిన ఆ మాటకంటె పొట్టి ధ్యేయము ఏ సంఘపు నియమావళియందును నాకు కానరాదు. గుడి కంబములను మసీదు గుమ్మటములను ఒక్కచోట కూర్చి కట్టిన డోర్నకల్ ప్రధానాలయము 1939లో ప్రతిష్ఠితమైనది. దాని నిర్మాణమునకు చందా లిచ్చిన పల్లెవారిలో చాలమందికి చదువు రాదు. పారిస్ తీర్మానమును వారు చూచి యెరుగరు.