పలకల అంచుకు దూరంగా: ఆర్మూరు ప్రాంత ప్రాథమికోన్నత తరగతుల్లో భూకంప పాఠం – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: భూకంపాలు పలకల అంచుల్లో సంభవిస్తాయన్న సూత్రంతో ప్రాథమికోన్నత తరగతుల పాఠం మొదలవుతుంది. నిజామాబాద్ జిల్లా ఆర్మూరు భారత పలక అంచులన్నిటికీ దూరంగా ఉన్న పట్టణం. అయినా దానికి పడమరన కిల్లారి (1993), తూర్పున ములుగు (2024) భూకంపాలు సంభవించాయి. దక్కను స్థిరమైనదన్న భావన ఎలా సడలిందో, ఆ మార్పు తెలుగు బోధనకు ఏ ప్రశ్నలు తెచ్చిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఆర్మూరు, పలక విరూపకం, కిల్లారి, కోయనా, గోండ్వానా, పరిభాష, ప్రాథమికోన్నత విద్య.

1. ఉపోద్ఘాతం

ఆర్మూరు పసుపుకు పేరుపడ్డ ప్రాంతం. పట్టణాన్ని ఆనుకొని నవనాథ సిద్ధుల గుట్ట ఉంది. ఒకదానిపై ఒకటి పేర్చినట్లు కనిపించే నల్లని బండరాళ్లు దాని ప్రత్యేకత. తొమ్మిది మంది సిద్ధులు తపస్సు చేసిన చోటు కనుక ఆరు, మూడు కలిసి ఆర్మూరు అయిందని స్థానికులు చెప్పుకుంటారు. ఈ గుట్టను రోజూ చూసే విద్యార్థి భూకంప పాఠం వినగానే అడగదగిన మొదటి ప్రశ్న ఒకటుంది: ఈ రాళ్లు ఇలా పడింది భూకంపం వల్లనా? రెండో ప్రశ్న మరింత సూటిగా ఉంటుంది: మన ఊరికి భూకంపం వస్తుందా?

చాలాకాలం తరగతి గదిలో రెండో ప్రశ్నకు వచ్చిన సమాధానం ‘రాదు’ అనే. దక్కను పీఠభూమి ప్రాచీనమైనది, కఠినమైనది, స్థిరమైనది అన్న మూడు విశేషణాలు కలిసే వచ్చేవి. మొదటి రెండూ నేటికీ నిజం. మూడోదే చర్చనీయాంశం.

2. పలకల సిద్ధాంతానికి ముందు

భూమి ఎందుకు కంపిస్తుందన్న ప్రశ్న భారతీయ వాఙ్మయానికి కొత్త కాదు. 6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలో భూకంపాలకు ఒక అధ్యాయాన్నే కేటాయించాడు. జలాల్లో వసించే మహాప్రాణి కదలిక, భూభారం మోసి అలసిన దిగ్గజాల నిట్టూర్పు, వాయువుల సంఘర్షణ వంటి భిన్నమతాలను అతడు వరుసగా ప్రస్తావించాడు. తరగతిలో ఆదిశేషుని కథ చెప్పి నవ్వుకుని వదిలేయడం కంటే, ఒకే విషయానికి పలు వివరణలు ఉండేవని, వాటిని పక్కపక్కన పెట్టి చూసిన పండితుడు ఉండేవాడని చెప్పడం బోధనకు ఎక్కువ ఉపకరిస్తుంది.

1934 జనవరి 15న బీహారులో సంభవించిన భూకంపం అస్పృశ్యతా పాపానికి దైవదండన అని గాంధీజీ అన్నప్పుడు, ప్రకృతి ఘటనకు నైతిక కారణం అంటగట్టడాన్ని రవీంద్రనాథ ఠాగూరు బహిరంగంగా ఖండించారు. అస్పృశ్యతను ఇద్దరూ వ్యతిరేకించినవారే. వాదం కారణకార్య సంబంధం గురించి మాత్రమే. ఎనిమిదో తరగతి విద్యార్థికి శాస్త్రీయ దృక్పథం అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

నిజాం రాజ్యంలో 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమాన్ని స్వీకరించింది. అంతకుముందు ఏడాదే ఏర్పడిన అనువాద సంస్థ దారుల్ తర్జుమా శాస్త్ర పరిభాషను ఉర్దూలో నిర్మించింది. నిజామాబాద్ జిల్లాలో ఇంట తెలుగు మాట్లాడే విద్యార్థి బడిలో భూమిని గురించి ఉర్దూలో చదువుకున్న కాలమది. తెలుగు పరిభాష ఈ ప్రాంతపు బడుల్లో స్థిరపడింది 1948 తరువాతే.

3. 1967–1969: మూడేళ్ల మలుపు

ఆల్ఫ్రెడ్ వెజెనర్ 1912లో ఖండచలన భావనను ప్రతిపాదించి, 1915లో గ్రంథంగా ప్రకటించినా, ఖండాలను కదిలించే శక్తి ఏమిటో చూపలేకపోవడంతో అది దశాబ్దాల పాటు అంగీకారం పొందలేదు. 1960లలో సముద్రగర్భ విస్తరణ, శిలల్లో నిక్షిప్తమైన అయస్కాంత ఆధారాలు వెలుగులోకి వచ్చాక, 1967–68 నాటికి పలకల సిద్ధాంతం రూపుదిద్దుకుంది.

సరిగ్గా ఆ కాలంలోనే దక్షిణ భారతం మూడుసార్లు కంపించింది. 1967 మార్చి 27న ఒంగోలు ప్రాంతంలో, అదే ఏడాది డిసెంబరు 11న మహారాష్ట్రలోని కోయనాలో, 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతంలో భూకంపాలు వచ్చాయి. వీటిలో కోయనా భూకంపం దాదాపు 180 మందిని బలిగొంది. ప్రపంచానికి పలకల అంచులను చూపిన సిద్ధాంతం పుడుతున్న వేళ, అంచులకు సంబంధం లేని చోట దక్కను కదిలింది. పాఠ్యపుస్తకాల్లోకి చేరింది మొదటి విషయమే. రెండోది నిపుణుల పత్రాల్లో నిలిచిపోయింది.

నిపుణులు మాత్రం గమనించారు. 1962లో వెలువడిన తొలి భూకంప మండలాల పటంలో ‘సున్నా’ మండలం ఉండేది. కోయనా అనంతరం 1970లో సవరించిన పటంలో దాన్ని తొలగించారు. ప్రమాదం సున్నా అని ఏ ప్రాంతం గురించీ చెప్పలేమన్న అంగీకారం అందులో ఉంది. అయినా ఐదు మండలాల ఆ కొత్త పటంలో కిల్లారి అన్నిటికన్నా తక్కువ ప్రమాదమున్న మొదటి మండలంలోనే పడింది.

తెలుగు అకాడమి ఏర్పడింది కూడా 1968లోనే. ఉన్నత విద్యకు తెలుగులో పుస్తకాలు, పరిభాష సమకూర్చడం దాని లక్ష్యం. పలకల సిద్ధాంతం ‘పలక విరూపక సిద్ధాంతం’గా తెలుగులోకి వచ్చింది. గ్రీకు మూలపదంలో వడ్రంగి, నిర్మాత అన్న అర్థాలున్నాయి. తెలుగు మాటలో రూపం చెడడం ఉంది. నిర్మించేదీ రూపు మార్చేదీ ఒకే ప్రక్రియ కనుక రెండూ తప్పు కావు. చిక్కంతా ‘పలక’తోనే. బలపం పట్టి అక్షరాలు దిద్దిన బాల్యం ఆ మాట వెంట వస్తుంది. గట్టిదనం, పగిలే గుణం పిల్లవానికి వెంటనే అందుతాయి. అయితే పలుచదనం కూడా అందుతుంది. భూమి పలకల మందం మాత్రం సుమారు 100 కిలోమీటర్లు. ఆర్మూరు నుంచి కామారెడ్డి దాటిపోయేంత దూరాన్ని నిలువుగా ఊహించమంటే తప్ప ఈ భ్రమ వీడదు.

4. 1993 సెప్టెంబరు 30

ఆ తెల్లవారుజామున 3 గంటల 56 నిమిషాలకు లాతూరు జిల్లా కిల్లారి వద్ద 6.2 తీవ్రతతో భూమి కంపించింది. గణేశ నిమజ్జనం ముగించుకొని జనం గాఢనిద్రలో ఉన్నారు. దాదాపు 10 వేల మంది మరణించారు. తీవ్రతను బట్టి చూస్తే ప్రపంచంలో ఏటా ఎన్నో సంభవించే స్థాయి భూకంపమే. ప్రాణాలు తీసింది ఇళ్లు. బురద అడుసుతో పేర్చిన దళసరి రాతిగోడలు, వాటిపై ఎండను ఆపడానికి మందంగా పరచిన మట్టి కప్పులు నిద్రిస్తున్నవారి మీద కూలాయి. వేసవిని తట్టుకోవడానికి తరతరాలుగా కుదిరిన ఇంటి నిర్మాణమే ఆ ఒక్క రాత్రి ప్రతికూలమైంది. 1992 చివరలోనే ఆ ప్రాంతంలో చిన్న ప్రకంపనలు వచ్చాయి. వాటి తరువాత ఇంత పెద్దది వస్తుందని ఎవరూ నిర్ధారించలేకపోయారు. భూకంపాన్ని ముందుగా చెప్పే విద్య నేటికీ లేదన్న వాస్తవాన్ని పిల్లలకు దాచనక్కరలేదు.

కిల్లారి ఆర్మూరుకు ఇంచుమించు 200 కిలోమీటర్ల దూరం. ఆర్మూరు నుంచి హిమాలయాల పాదాల వద్ద ఉన్న పలక అంచు సుమారు వెయ్యి కిలోమీటర్లు. ‘అంచుల్లోనే భూకంపాలు’ అన్న వాక్యం బట్టీపట్టిన విద్యార్థికి ఈ రెండు సంఖ్యలు పొసగవు. భారత పలక ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు ఉత్తరంగా జరుగుతూ ఆసియాను నెడుతోంది. ఆ నెట్టుడు ఒత్తిడి అంచుతో ఆగక పలక లోపలికీ వ్యాపిస్తుంది. లోపల పాత పగుళ్లున్న చోట అది ఎప్పుడో ఒకప్పుడు విడుదలవుతుంది. నిజామాబాద్ జిల్లా విద్యార్థికి 5 సెంటీమీటర్లను పసుపుతో చెప్పవచ్చు: విత్తిన నాటి నుంచి తవ్వే నాటి వరకు పంట నేలలో ఉండే ఎనిమిది తొమ్మిది నెలల్లో దేశమంతా కదిలేది ఒక పసుపు కొమ్ము పొడవుకు తక్కువే.

పసుపు ఉడికించే కడాయిని ఉష్ణసంవహనానికి ఉదాహరణగా చూపడం కూడా సహజమే. అడుగున వేడెక్కిన నీరు పైకి లేచి, చల్లబడి దిగుతుంది. కాని ఇక్కడొక హెచ్చరిక అవసరం. భూప్రావారం నీళ్లలా మరిగే ద్రవం కాదు. అది ఘనశిల. లక్షల ఏళ్ల కాలమానంలో మాత్రమే ప్రవహిస్తుంది. ఈ మాట చెప్పకపోతే, భూమి లోపలంతా లావా సముద్రమన్న అపోహను కడాయి మరింత స్థిరపరుస్తుంది.

కిల్లారి తరువాత, 2002 నాటి సవరణలో మొదటి మండలం రెండో మండలంలో కలిసిపోయింది. నిజామాబాద్ జిల్లా ఆ రెండో మండలంలో ఉంది. 2001 భుజ్ భూకంపం తరువాత కేంద్రీయ మాధ్యమిక విద్యామండలి 2003లో 8వ తరగతిలో విపత్తు నిర్వహణను ప్రవేశపెట్టింది. జాతీయ స్థాయి 8వ తరగతి విజ్ఞానశాస్త్ర పుస్తకం మెరుపులను, భూకంపాలను ‘కొన్ని సహజ దృగ్విషయాలు’ అన్న ఒకే అధ్యాయంలో చేర్చింది.

5. గోదావరి లోయ, శ్రీరాంసాగర్, సిద్ధుల గుట్ట

ఖండచలనాన్ని బోధించడానికి తెలంగాణకు ఉన్న సౌలభ్యం అరుదైనది. ప్రాచీన మహాఖండానికి ఎడ్వర్డ్ స్యూస్ పెట్టిన గోండ్వానా అన్న పేరు గోండుల నేల నుంచే వచ్చింది. 1871లో విలియం కింగ్ ఇల్లెందు వద్ద గుర్తించిన బొగ్గు గోండ్వానా శిలల్లోదే. ఆ శిలల్లో దొరికే గ్లోసాప్టెరిస్ ఆకు శిలాజాలు 1912లో అంటార్కిటికాలో మరణించిన స్కాట్ బృందం లాగిన బండిలో కూడా దొరికాయి. సింగరేణి బొగ్గు, దక్షిణధ్రువపు రాయి ఒకే అడవి జ్ఞాపకాలు. వెజెనర్ పేరు చెప్పే ముందు ఈ ఆకును చూపగలిగితే సిద్ధాంతం దానంతట అదే అవసరమవుతుంది.

ఆ బొగ్గును దాచుకున్న గోదావరి లోయ ఒక ప్రాచీన చీలిక. భద్రాచలం భూకంపమూ, 2024 డిసెంబరు 4 ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు జిల్లాలో వచ్చిన 5.3 తీవ్రత గల భూకంపమూ ఆ లోయ ప్రాంతానివే. ములుగు ప్రకంపనలు తెలంగాణలో పలు జిల్లాల్లో తెలిశాయి. పిల్లలు బడికి తయారయ్యే వేళ అది. కిల్లారితో పోల్చితే తీవ్రతలో తేడా 0.9 మాత్రమే. వెలువడిన శక్తిలో తేడా సుమారు 22 రెట్లు. తీవ్రతామానం కూడికల మెట్లు కాదని, గుణకారపు మెట్లని చెప్పడానికి ఈ జంట చాలు.

ఆర్మూరుకు సమీపంలోని పోచంపాడు వద్ద 1963 జులై 26న నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ జలాశయం ఉంది. కోయనా భూకంపానికి జలాశయమే ప్రేరకమని హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు 1992–2001 మధ్య సంచాలకులుగా ఉన్న హర్ష్ గుప్తా తదితరుల పరిశోధనలు వివరించాయి. మన ప్రాజెక్టు కూడా భూకంపం తెస్తుందా అన్న భయం అందువల్ల అసహజం కాదు. జలాశయం ఒత్తిడిని సృష్టించదు. అప్పటికే విరగడానికి సిద్ధంగా ఉన్న శిలల్లో పగుళ్లలోకి నీరు చేరి విరుగుడును త్వరపరుస్తుంది. వేల ఆనకట్టల్లో అలా జరిగినవి కొన్నే. నీటి లోతు అందులో ముఖ్యాంశం. కోయనా ఆనకట్ట ఎత్తు 103 మీటర్లు, శ్రీరాంసాగర్ అందులో సగం కూడా లేదు.

ఇక సిద్ధుల గుట్ట. తెలంగాణ గ్రానైట్లు సుమారు 250 కోట్ల ఏళ్లనాటివి. నిలువు, అడ్డ పగుళ్ల వెంట నీరు దిగి, మూలలు ముందుగా శిథిలమై, మధ్య భాగాలు గుండ్రని బండలుగా మిగిలాయి. వాటిని పేర్చింది భూకంపం కాదు, వాన. పైగా ఇలాంటి రాళ్లు భూకంపానికి వ్యతిరేక సాక్ష్యం కూడా చెప్పగలవు. అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ బ్రూన్ 1990లలో కాలిఫోర్నియా, నెవాడాల్లో అటూఇటూగా నిలిచిన బండలను పరిశీలించి, అవి పడిపోనంత కాలం అక్కడ బలమైన ప్రకంపనలు రాలేదని లెక్కగట్టే పద్ధతిని రూపొందించారు. విద్యార్థి అడిగిన మొదటి ప్రశ్న తలకిందులై పరిశోధన ప్రశ్నగా మారడం ఇక్కడ కనిపిస్తుంది.

6. దూరాన్ని లెక్కించే అభ్యాసం

ఏడు, ఎనిమిది తరగతుల గణితంతో చేయదగిన అభ్యాసం ఒకటుంది. భూపటలంలో ప్రాథమిక తరంగం సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు, ద్వితీయ తరంగం సుమారు 3.5 కిలోమీటర్లు ప్రయాణిస్తాయి. కిల్లారి నుంచి ఆర్మూరుకు మొదటిది 33 సెకన్లలో, రెండోది 57 సెకన్లలో చేరుతుంది. మెరుపుకు, ఉరుముకు మధ్య లెక్కపెట్టే పిల్లలకు ఈ 24 సెకన్ల ఎడం కొత్తగా తోచదు. ములుగు భూకంప కేంద్రం కూడా ఆర్మూరుకు సుమారు 200 కిలోమీటర్లే కనుక అక్కడి నుంచీ ఎడం దాదాపు అంతే. ఆర్మూరు కేంద్రంగా ఆ దూరంతో వృత్తం గీస్తే పడమరన కిల్లారి, తూర్పున ములుగు రెండూ దానిపై పడతాయి. హైదరాబాదు నుంచి రెండో వృత్తం గీసినా చిక్కు తీరదు, ఆ నగరం కూడా రెంటికీ సుమారు 215 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. వృత్తాలు ఖండించుకునే బిందువులు రెండు: ఒకటి కిల్లారి దాపున, ఒకటి ములుగు దాపున. కదిలింది ఏదో తేలాలంటే వరంగల్లు కేంద్రంగా మూడో వృత్తం గీయాలి.